తిరుపాల్ రాసిన బహువచనం

శనిగ్రహపు ఉపగ్రహం టైటాన్ చుట్టూ తిరిగే నౌకలో పన్నెండు దేశాలవాళ్లున్నారు. అందుకని రాతకోతలన్నీ ఇంగ్లీషులోనే. కింది స్థావరం నుంచి వచ్చే ప్రతి నివేదికనూ అన్వయిని అనే యంత్రం చదివి సరిదిద్దాకే భాషాధికారి వకుళ సంతకం పెట్టేది.

ఆ యంత్రం పుట్టడానికి కారణం ఒక సర్వనామం. "పంపు పక్కన వాల్వు కారుతోంది, వెంటనే 'ఇట్'ని ఆపండి" అని ఎవరో రాస్తే, వాల్వు వదిలేసి పంపు ఆపారు. పదకొండుమంది పోయారు. అప్పటినుంచి సర్వనామం దేని బదులు వచ్చిందో ఆ పూర్వపదంతో వచనం కుదిరిందా అని మాత్రమే కాదు, ఆ మాట వెనక నిజంగా ఉన్న మనిషితో, వస్తువుతో కుదిరిందా అని కూడా అన్వయిని సెన్సర్లతో పోల్చి చూస్తుంది.

ఆ ఉదయం స్థావరం నుంచి తిరుపాల్ నివేదిక వచ్చింది. మీథేన్ తుపాను మొదలై ఆరు రోజులైంది. మాటా బొమ్మా అందే లైన్లన్నీ తెగిపోయాయి. అక్షరాలూ, అక్కడి సెన్సర్ల నుంచి అన్వయినికి చేరే సన్నటి సంకేతమూ మాత్రం మిగిలాయి.

"ఎవ్రీవన్ హాజ్ ఈటెన్ దెయిర్ మీల్" అని రాశాడతను. యంత్రం 'దెయిర్' కొట్టేసి 'హిజ్' పెట్టింది.

వకుళ నవ్వుకుంది. 'ఎవ్రీవన్' ఏకవచనమే, నిజమే, కానీ దీనికి పాత పంతుళ్ల చాదస్తం ఎందుకు పట్టుకుంది? ఆ తర్వాతి వాక్యంలో 'వుయ్ ఆర్ వెయిటింగ్' కాస్తా 'ఐ యామ్ వెయిటింగ్' అయింది.

"అక్కడ నలుగురున్నారు. 'వుయ్' తప్పెలా అవుతుంది?"

"నిన్న మధ్యాహ్నం నుంచి స్థావరంలో ఖర్చయిన ఆక్సిజన్ ఒక్క మనిషికి సరిపోయేంతే," అంది అన్వయిని. "బహువచనానికి పూర్వపదం లేదు."

దిగుడు నౌకను నడపడానికి ఇద్దరు కావాలి. కింద ఇద్దరికన్నా ఎక్కువమంది ప్రాణాలతో ఉంటేనే ఆ ఇద్దరినీ తుపానులోకి పంపాలని నియమం. ఆ సంగతి తిరుపాల్‌కీ తెలుసు.

కెప్టెన్ ఇజాక్ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏమ్మా, నలుగురూ క్షేమమేనా? నౌకను దించమంటావా?"

"దించండి సార్," అంది వకుళ. "నలుగురూ ఉన్నారు."

ఆయన వెళ్లాక దిద్దుబాట్లు రద్దు చేసింది. కారణం రాయనిదే యంత్రం ఒప్పుకోదు. 'అతను ఎవరిని లెక్కపెడితే వాళ్లనే లెక్కపెట్టు' అని రాసి సంతకం పెట్టింది.

తొమ్మిది గంటల తర్వాత దిగుడు నౌక తిరిగొచ్చింది. పైలట్లిద్దరూ పాలిపోయిన ముఖాలతో ముందు దిగారు. వాళ్ల వెనక తిరుపాల్, ఒక్కడే. గడప దాటి, నౌక లోపలికి తిరిగి, "రండి, వచ్చేశాం" అన్నాడు. ముగ్గురు దిగడానికి పట్టేంత సేపు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"మిగతావాళ్లేరయ్యా?" అన్నాడు కెప్టెన్.

"ఇదుగో సార్. కాస్త దారివ్వండి, బాగా అలిసిపోయారు."

ఇక నిజం ఒప్పుకోవాలనుకుంది వకుళ. చేతిలోని పలక మీద 'వుయ్ హావ్ రిసీవ్డ్ హిమ్' అని రాసింది. అన్వయిని 'హిమ్' కొట్టేసి 'దెమ్' పెట్టింది. మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేసింది.

"తప్పు," అంది వకుళ గుసగుసగా. "ఒక్కడే వచ్చాడు."

"లెక్క ఎలా పెట్టాలో నువ్వే నేర్పావు."

తిరుపాల్ ఇరుకు నడవలోకి నడిచాడు. పైలట్లు అప్పటికే పక్కకి తప్పుకున్నారు. ఒక్క క్షణం తటపటాయించి కెప్టెనూ తప్పుకున్నాడు. వకుళ పలక దించేసి, గోడకి వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, నలుగురూ దాటేదాకా కదలకుండా నిలుచుంది.