ముసుగులో ఉన్నది మనిషే

గణగణ... గణగణ... గణగణ!

నడుముకు కట్టిన గంట మోగుతుంటే ఆంటిగా అనే కుర్రాడు పరిగెడుతున్నాడు.

ఒంటి నిండా నార అల్లిక. తల మీద నల్ల ముసుగు. కళ్ళ దగ్గర రెండు చిల్లులు. చేతిలో కొరడా.

పొద్దు వాలింది. వీధిలో తలుపులు ధడేల్ ధడేల్‌మని మూసుకుంటున్నాయి.

"ఎక్పే! ఎక్పే వస్తోందిరోయ్!"

చేపలమ్మే ఆవిడ గంప వదిలేసి పక్కింట్లో దూరింది. ఆవిడ మొగుడు ఆవిడకంటే ముందే దూరాడు!

చూస్తుండగానే కలబార్ రేవుపట్నంలో ఆ వీధి మొత్తం ఖాళీ.

ఈ పట్నంలో ఎక్పే అంటే చట్టం. అడవిలోంచి వచ్చే చిరుతపులి ఆత్మ. అది గంట మోగిస్తూ బయటికొచ్చిందంటే ఆడవాళ్ళు, ఎక్పే సంఘంలో చేరని మగాళ్ళు దాక్కోవాల్సిందే. ఎదురుపడితే కొరడా దెబ్బలు. ఒక్కోసారి తలకాయే పోతుంది.

ఆంటిగా సంఘంలో ఉన్నాడు. కానీ ఈ ముసుగు వేసుకునే హోదా అతనికి లేదు.

దొంగిలించాడు!

దొరికితే చావే. ఇంకో మాట లేదు.

కానీ సముద్రపు పోటు తిరిగేలోపు పని అయిపోవాలి. పోటు మీదున్నంతసేపు ఏరు ఎగువకు లాగుతుంది. మడచెట్ల కింద చిన్న పడవ కట్టి ఉంచాడు. ఉగోమా అందులో కూర్చుంటే చాలు, నీళ్ళే ఆమెను సొంతూరి వైపు తీసుకుపోతాయి.

ఆటు మొదలైందా... అంతే! పెదనాన్న ఎసియెన్ మనుషులు ఆమెను తెల్లవాళ్ళ ఓడ ఎక్కించేస్తారు. ఓడ సముద్రం దాటుతుంది. అలా దాటినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు కూడా తిరిగి రాలేదు.

ఆమెను ఇక్కడిదాకా తెచ్చింది ఎవరు?

నేనే... నేనే కదా!

కిందటి వానల్లో బేరానికి ఎగువకు వెళ్ళి జ్వరంతో పడిపోయాడు ఆంటిగా. ముక్కూమొహం తెలియని ఉగోమా తన ఇంట్లో పడుకోబెట్టింది. మిరియాల చారు తాగించింది. "చావకు తమ్ముడూ, నీకు గొయ్యి తవ్వే ఓపిక నాకు లేదు" అని తిట్టి మరీ బతికించింది.

ఇంటికొచ్చాక పెదనాన్న ఎసియెన్ అడిగాడు. తండ్రి పోయాక పెంచినవాడు. రేవులో పెద్ద వర్తకుడు. మనుషుల్ని ఓడలకు అమ్మే వర్తకుడు.

"ఆ ఊరి ఆడవాళ్ళు సంతకి ఏ దారిన పోతార్రా?"

చెప్పేశాడు! తాటికల్లు తాగుతూ, గొప్పలు పోతూ, వాగు దగ్గర మలుపుతో సహా చెప్పేశాడు.

మొన్న పెదనాన్న పెరట్లో గొలుసుకు కట్టి ఉన్న ఉగోమా అతన్ని చూసింది. చూసి నవ్వింది.

"తమ్ముడూ! నువ్వు ఇక్కడివాడివా? దేవుడే పంపాడయ్యా నిన్ను!"

అప్పట్నుంచి అన్నం సహించడం లేదు. ఛీ... నాదీ ఒక బతుకేనా!

అదిగో పెరటి గోడ!

గుమ్మం దగ్గర కాపలావాళ్ళు లేరు. వాళ్ళు సంఘంలో లేరు కదా, గంట వినగానే లగెత్తారు. ప్లాన్ పని చేసింది!

గంటను గుప్పిట్లో బిగించి లోపలికి దూకాడు ఆంటిగా.

దుంపల పందిరి వెనక్కి పరిగెత్తాడు. మధ్యాహ్నమే ఆమె చేతిలో తాళంచెవి పెట్టి ఇక్కడే నుంచోమన్నాడు.

గొలుసు ఊడి పడుంది.

ఉగోమా లేదు!

ఎక్కడ? ఎవరైనా తీసుకుపోయారా? లేక...

గంట!

గంట విని దాక్కుంది! పెరట్లోకి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ వంటమనిషి ముందు చెప్పేది అదే కదా.

మరి తను ఎందుకు చెప్పలేదు? "ఎక్పే వేషంలో నేనే వస్తా, భయపడకక్కా" అనొచ్చుగా!

చెప్పలేకపోయాడు. ముసుగులో మనిషి ఉంటాడన్న సంగతి ఆడదాని చెవిన పడకూడదు. చిన్నప్పుడు సంఘంలో చేరిన రోజు ఒట్టు పెట్టించారు. ముసుగు దొంగిలించడానికి చెయ్యి వచ్చింది. ఆ ఒక్క మాటకి మాత్రం నోరు రాలేదు!

ఒరే వెధవా... ఒరే వెధవా!

"అక్కా! ఉగోమక్కా!"

నూనె పీపాల వెనక ఏదో కదిలింది. ఒక్క గెంతులో అక్కడున్నాడు.

ఉగోమా నేలకు ముఖం ఆనించి వణికిపోతోంది. "నేనేం చూళ్ళేదు స్వామీ... కళ్ళు మూసుకునే ఉన్నా..."

ఆంటిగా ముసుగు పీకేశాడు.

ఆమె తలెత్తింది. నోరు తెరిచింది.

"నువ్వా! దీంట్లో మనిషి ఉంటాడా?"

"ఎప్పుడూ మనిషే ఉంటాడక్కా."

"సన్నాసీ! నా పై ప్రాణాలు పైనే పోయాయి కదరా! ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"గంట మోగించింది ఎవడ్రా?"

వీధిలోంచి గొంతు! ఇద్దరూ కొయ్యబారిపోయారు.

ఎసియెన్!

"ఇవాళ ఎక్పేని బయటికి రమ్మని మేం అనలేదే! ఎవడ్రా అది?"

ఎసియెన్ సంఘం పెద్దల్లో ఒకడు. గంటకి భయపడడు. కర్ర టకటకలాడుతూ దగ్గరికొస్తోంది.

మిగిలింది వెనక గుమ్మం. అది దాటితే రేవు దారి. అక్కడ ఎసియెన్ పడవవాళ్ళున్నారు. వాళ్ళూ సంఘంలో లేరు. ముసుగు కనబడితే చెల్లాచెదురవుతారు. పారిపోతున్న ఆడది కనబడితే పట్టుకుంటారు.

ఇద్దరికి ఒకటే ముసుగు.

ఆంటిగా గబగబా నార అల్లిక విప్పేశాడు. "తొడుక్కో!"

"నేనా? ఆడదాన్నిరా!"

"తొడుక్కో అక్కా! గంట మోగిస్తూ రేవు దాటు. మడచెట్ల కింద పడవ ఉంది. పోటు నిన్ను పైకి లాగుతుంది."

"మరి నువ్వు?"

"నేను రాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతని చెంప నిమిరింది. "ఏ జన్మ రుణమో... నాకోసం ఎందుకు తమ్ముడూ ఇదంతా?"

ఊరుకుంటే సరిపోయేది. దండం పెట్టించుకుని పంపొచ్చు.

ఊరుకోలేకపోయాడు.

"సంతకి మీరు పోయే దారి వీళ్ళకి చెప్పింది నేనే."

చెంప మీది చెయ్యి ఆగిపోయింది.

ఫటేల్!

కళ్ళు బైర్లు కమ్మాయి. ఆమె ఏడవలేదు, అరవలేదు. నార అల్లికలోకి కాళ్ళు దూర్చింది. గంట కట్టుకుంది. ముసుగు చేతిలోకి తీసుకుని ఒక్క క్షణం ఆగింది.

"ఆ దారిలో నా చెల్లెలు కూడా పట్టుబడింది. దాన్ని కిందటి ఓడలోనే ఎక్కించేశారు."

ముసుగు తలమీదకి లాక్కుంది.

గణగణ... గణగణ!

వెనక గుమ్మం దాటిపోయింది. రేవులో కేకలు... పరుగులు... నీళ్ళలో దూకుతున్న చప్పుళ్ళు! దారి ఇచ్చేస్తున్నారు!

ముందు గుమ్మం తెరుచుకుంది.

ఎసియెన్. ఒక చేతిలో కర్ర. ఇంకో చేతిలో తుపాకీ.

ఊడిన గొలుసు చూశాడు. మొలగుడ్డతో నుంచున్న కొడుకులాంటి వాణ్ణి చూశాడు. రేవు దారిలో పరిగెడుతున్న ముసుగుని చూశాడు.

అర్థమైంది. ముఖం పాలిపోయింది.

కర్ర పారేసి తుపాకీ ఎత్తాడు. గురి ముసుగు మీద!

"కాల్చు పెదనాన్నా!" అరిచాడు ఆంటిగా. "కాల్చి, జనాన్ని పిలిచి, ముసుగు తీసి చూపించు! లోపల ఆడది ఉందని తెలిశాక నీ గంటకి ఎవడు జడుస్తాడో చూద్దాం! ఎవడు తలుపేసుకుంటాడో చూద్దాం!"

తుపాకీ మెల్లగా కిందికి దిగింది.

"ఎంత పని చేశావురా..." అన్నాడు ముసలాడు. "కొడుకులా పెంచాను కదరా నిన్ను."

"పెంచావు. నువ్వడిగావు, నేను చెప్పాను. ఇద్దరం కలిసి చేసిన పాపమే ఇది."

"ఆడదానికి ఎక్పేని తొడిగావు. నేను ఊరుకున్నా సంఘం ఊరుకోదు. నిన్ను నోరు తెరవనివ్వకూడదు."

తుపాకీ మళ్ళీ లేచింది. ఈసారి గురి ఆంటిగా గుండె మీద!

కాళ్ళు పారిపొమ్మంటున్నాయి. పారిపోతే పెదనాన్న రేవు వైపు వస్తాడు. ఇక్కడే నుంచోవాలి. ఎంతసేపు నుంచుంటే పడవ అంత పైకి పోతుంది.

నుంచున్నాడు.

భయం వెయ్యడం లేదు. ఉగోమా బతుకుతుంది. ఆ మాట అనుకుంటే కాస్త ఊపిరి అందాలి. అందడం లేదు! బుర్రలో ఒకటే తొలుస్తోంది.

ఆ చెల్లెలు... పేరేంటో కూడా అడగలేదే!

అడగాల్సింది... అక్కా, నీ చెల్లెలి పేరు...

ధన్!!