ముందొక మంచి మాట

"నా నుదుటి మీద ఏమైనా రాసుందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

లేదన్నాడతను.

"మరి ఇందాకట్నుంచీ అక్కడే చూస్తున్నావెందుకు? తుడుచుకుని తుడుచుకుని మంట పుడుతోంది."

తప్పు మేడంది. చివరి ఏడాది పిల్లల్ని ఉద్యోగాల ఇంటర్వ్యూలకు తయారుచేయడానికి యూనివర్సిటీ వాళ్ళు పెట్టిన కమ్యూనికేషన్ క్లాసు అది. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడాలి, బెరుకనిపిస్తే కనుబొమల మధ్య చూడండి, వాళ్ళకు తేడా తెలియదు అని మేడం మొదటిరోజే చెప్పింది. తేడా తెలిసే మనిషే అతనికి జోడీగా పడింది.

ఆ సంగతి మెల్లగా చెప్పాడు. ఆమె నవ్వలేదు. అయితే కళ్ళలోకే చూడమంది, తానేం కొరకనంది. చూశాడు. 'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు రాత్రంతా బట్టీపట్టిన జవాబు ఒక్క ముక్క మిగలకుండా పోయింది.

ఆ గది ఇప్పుడు లేదు. పడగొట్టి బళ్ళు పెట్టుకునే చోటు చేశారు. అప్పట్లో అది పాత కెమిస్ట్రీ ల్యాబు. వేరే గది ఖాళీ లేక ఈ క్లాసును అక్కడికి తోశారు. నీళ్ళు రాని కుళాయిలకు అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకరు ఉద్యోగమిచ్చేవాళ్ళలా, ఒకరు అడిగేవాళ్ళలా ప్రాక్టీసు చేయాలి. వాన పడితే రేకుల మీది మోతకు ఎవరి మాటా ఎవరికీ వినబడేది కాదు. అందరూ అరుచుకునేవాళ్ళు. ఆ ఇద్దరూ మాత్రం కుర్చీలు దగ్గరికి జరుపుకునేవాళ్ళు.

క్లాసు ఆమెకు రేడియో అని పేరు పెట్టింది, అతనికి పొదుపు అని. వాక్యం కావలసినచోట ఒక మాటతో, మాట కావలసినచోట తల ఊపుతో సరిపెట్టే మనిషి. ఇద్దర్నీ జత చేసింది మేడం కావాలనే. ఒకరు తగ్గుతారు, ఒకరు పెరుగుతారు అని ఆవిడ లెక్క.

ప్రాక్టీసు అయ్యాక జోడీకి అభిప్రాయం చెప్పాలి. ముందొక మంచి మాట, ఆ తర్వాతే దిద్దుకోవలసింది. మేడం ఈ సూత్రాన్ని బోర్డు మీద రాసి ఎవర్నీ చెరపనిచ్చేది కాదు.

ఆమె పాటించేది. నీ గొంతు బాగుంటుంది, దాచుకుంటావెందుకు అనేది. అతను మొదటి సగం వదిలేసేవాడు. చేతులు ఎక్కువ ఊపుతున్నావనేవాడు. అడిగింది ఒకటైతే మూడు చెబుతున్నావనేవాడు. జీతం మాట రాగానే గొంతు దిగిపోతోందనేవాడు. ఆమె కాసేపు చూసి "ఇంకా?" అనేది. "అంతే," అనేవాడు.

అతని నాన్న వడ్రంగి. కొడుకు చిత్రికపట్టిన చెక్కను వేలితో తడిమి, ఎగుడుదిగుడున్నచోట గోటితో గీత పెట్టేవాడు. బాగుంటే ఏమీ అనకుండా తీసుకెళ్ళి తలుపుకు బిగించేవాడు. ఆ ఇంట్లో మెచ్చుకోలంటే అదే. గీతలు పడని చెక్కంతా బాగున్నట్టేనని ఆ అమ్మాయికి ఎవరు చెబుతారు?

వానలు పోయి ఎండలు వచ్చేసరికి రేడియో మోత తగ్గింది. చేతులు కట్టుకుని, అడిగినదానికి అడిగినంతే చెప్పడం మొదలుపెట్టింది. మేడం సంతోషించింది. అతనికి మాత్రం ఆ జవాబుల్లో ఆమె ఎక్కడా కనబడలేదు. ఆ మాటా అనలేదు.

ఒక కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూలకు వచ్చిన రోజు వరండా నిండా ఇస్త్రీ బట్టలే. ఆమె లేదు. ఆ ఏడాదికి వచ్చే కంపెనీ అదొక్కటే. ఉద్యోగం రాకపోతే తిరిగొచ్చి తన మందుల షాపులో కూర్చోమని, ఆమెను పెంచిన బాబాయి ముందే చెప్పేశాడు. ఆ సంగతి క్లాసందరికీ తెలుసు. ఆమె కడుపులో మాట దాగేది కాదు కదా.

వరస వదిలి వెతుక్కుంటూ వెళ్ళాడు. ల్యాబులో, రోజూ కూర్చునే చోటే కూర్చుని ఉంది. పద, పిలుస్తారు అన్నాడు.

"నేను వెళ్ళట్లేదు."

"ఎందుకు?"

"ఏడాదిగా నువ్వే చెబుతున్నావుగా. చేతులు బాలేవు, గొంతు బాలేదు. రోజూ ఎదురుగా కూర్చునేవాడికే ఒక్క మంచి కనబడలేదు. వాళ్ళకేం కనబడుతుంది? వచ్చేస్తున్నానని బాబాయికి ఫోన్ చేశాను."

అతను కుళాయికి ఇటువైపు కూర్చున్నాడు. అప్పుడే వరండాలో అతని పేరు పిలిచారు.

"నిన్నే," అంది.

"వినబడింది," అన్నాడు. కదల్లేదు. "మొదటి బెంచీ అమ్మాయికి నత్తి కదా. తను ఆగితే మేమంతా తొందరపడి మాట అందిస్తాం, మేడం కూడా. నువ్వు అందించవు. ఎంతసేపైనా చూస్తూ కూర్చుంటావు. ఆ పిల్ల నీ దగ్గరే మాట పూర్తిచేస్తుంది."

ఆమె తలెత్తింది.

"మీ బాబాయితో ఎంత పోట్లాడినా, మాత్ర వేసుకున్నావా అని అడక్కుండా ఫోన్ పెట్టవు. ఎవడు జోకు వేసినా, అది చచ్చుదైనా, వాడు చిన్నబుచ్చుకోకుండా నవ్వుతావు. చేతులు ఊపుతావు. ఊపుకో. ఊపితేనే నువ్వు."

వరండాలో అతని పేరు మళ్ళీ పిలిచి, ఇంకొకరి పేరుకు వెళ్ళిపోయారు. అతని గొంతు ఆరిపోయింది. ఎదురుగా ఉన్నదేమో నీళ్ళు రాని కుళాయి.

"ఇవన్నీ ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"కళ్ళలోకి చూడమన్నావు కదా. అప్పట్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"బాగున్నది బాగానే ఉందిగా, చెప్పేదేముంది అనుకున్నాను." కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఇంకొకటుంది. నువ్వు మాట్లాడుతుంటే నాకు జవాబు చెప్పాలనిపించదు. వింటూనే ఉండాలనిపిస్తుంది. ఈ క్లాసు అయిపోయాక కూడా."

ఆమె ఆ నీళ్ళు రాని కుళాయిని ఒకసారి తిప్పి కట్టేసింది.

"ఇది ఇంటర్వ్యూకి పనికొచ్చే మాట కాదు," అంది.

"కాదు," అన్నాడు.

ఈసారి ఆమె పేరు పిలిచారు. లేచి జుట్టు సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. లోపల దీని గురించే ఆలోచిస్తూ ఉద్యోగం పోగొట్టుకుంటే పూచీ నీదే అంది. అంటున్నప్పుడు రెండు చేతులూ గాల్లోనే ఉన్నాయి.

ఆమెకు ఉద్యోగం వచ్చింది. పిలిచినప్పుడు లేనివాళ్ళను మళ్ళీ చూసేది లేదన్నారు కనుక అతనికి ఆ కంపెనీ పోయింది. ఎండలు తగ్గాక తలుపులూ కిటికీలూ చేసే ఫ్యాక్టరీలో పని దొరికింది. అప్పుడు ఆమె ఇంట్లో పెళ్ళి మాట ఎత్తితే బాబాయి కబురు పెట్టాడు, ఆ అబ్బాయితో ఒకసారి మాట్లాడాలని.

మందుల షాపులో స్టూలు వేసి కూర్చోబెట్టాడు. షాపు ఎలా నిలబెట్టాడో, అన్నా వదినా పోయాక పిల్లను ఎలా సాకాడో, ఏ డాక్టరు రాత కూడబలుక్కుని చదవాలో, మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు వెలిగించే వేళ దాకా చెప్పాడు. మందుకు ఎవరైనా వస్తే ఇచ్చి పంపి, ఎక్కడున్నాం అనేవాడు. ఎక్కడున్నారో అతను సరిగ్గా అందించేవాడు. అంతకుమించి నోరు విప్పలేదు. ఆమె బయట మెట్ల మీద గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. ఈ పొదుపు మనిషి బాబాయి కంటికి ఎక్కడ ఆనుతాడని ఆమె దిగులు.

షట్టరు సగం దించి బాబాయి ఆమెను పక్కకు పిలిచాడు.

"నాకు నచ్చాడమ్మా. ఎంత చక్కగా మాట్లాడతాడో. పొద్దుపోయిందే తెలీలేదు."