టైముకు నడిచిన బస్సు

ఊరి బయట కాలువలో పదిహేడో నంబరు బస్సు పక్కకు ఒరిగి ఉంది. సీట్లో డ్రైవర్ శవం. కుడి అరచేయి హారన్ మీద బిగుసుకుపోయింది.

ఉదయం ఆరింటికి డిపోలోంచి ఖాళీ బస్సుతో బయల్దేరిన మనిషి. సాయంత్రం తప్పిపోయిన కుక్క కోసం ఎవరో కాలువ గట్టు పొదల్లోకి దిగితేగానీ కనిపించలేదు. అప్పటిదాకా ఎవరూ వెతకలేదు. ఎందుకు వెతుకుతారు? కంట్రోల్ రూమ్ తెర మీద ఆ బస్సు రోజంతా నిక్షేపంగా తిరిగింది.

కంట్రోల్ రూమంటే మాటలా? గోడంత తెర, పళ్లు కొట్టుకునేంత ఏసీ, మధ్యలో డైరెక్టర్. జాతీయ రవాణా విధానం లక్ష్యాలన్నీ ఆయనకు కంఠతా వచ్చు. బస్సెక్కడం ఒక్కటే రాదు.

"తాగి పడేసుంటాడు మేడమ్," అన్నాడు పోలీసు ఇన్‌స్పెక్టరమ్మతో. "సాయంత్రం ఐదు దాకా బస్సు నడిచింది. జీపీఎస్ అబద్ధం చెప్పదు."

"పొద్దున్నే పడిందంటున్నాడు డాక్టర్. పడ్డాక రెండు మూడు గంటలు ప్రాణం ఉందట."

"డాక్టర్లకేం తెలుసండీ టెక్నాలజీ?"

మూల కుర్చీలోంచి డ్రైవర్ భార్య లేచింది. "ఆయన చుక్క ముట్టడమ్మా. తాగుబోతని రాయకండి. నా పిల్లలకు ఆ మాట వద్దు."

"మీకు అనుమానం ఎప్పుడొచ్చింది?"

"పొద్దున ఏడింటికి. బస్సు మా వీధి దాటిందని ఫోన్లో చూపించింది. హారన్ మాత్రం వినపడలేదు. మా మలుపులో రెండుసార్లు కొట్టకుండా ఆయన ఏనాడూ పోలేదు. ఇక్కడికి ఫోన్ చేస్తే ఈయనే ఎత్తి నవ్వాడు."

"హారన్ కూడా సాక్ష్యమేనా మేడమ్?" డైరెక్టర్ ఇప్పుడూ నవ్వాడు.

"పొద్దుటి రూటు మళ్లీ వేయండి."

తెర మీద చుక్క కదిలింది. మార్కెట్ దగ్గర ట్రాఫిక్ జామ్. చుక్క ఆగలేదు. వెనక సందులోకి తిరిగి ఇవతలకు వచ్చేసింది.

"ఆపండి. ఆ సందు చూశారా ఎప్పుడైనా?"

"షార్ట్‌కటేమో."

"ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. బస్సెలా పట్టింది?"

డైరెక్టర్ పక్కనున్న టెక్నీషియన్‌కు ఆ ఏసీలోనూ చెమటలు పట్టాయి.

"దేనిమీద తిప్పావయ్యా?"

"స్కూటర్ మీద మేడమ్. బస్సులు లేటవుతున్నాయి. నూటికి తొంభై అయిదు టైముకు నడవాలని లక్ష్యం. ఈ రూటు బస్సు జీపీఎస్ ట్రాకర్ పీకి సంచిలో వేసుకుని సారే తిరగమన్నారు."

స్టాపుల్లో జనం పాపం బస్సు వెళ్లిపోయిందని ఫోన్ చెబితే నమ్మారు. తామే ఆలస్యంగా వచ్చామనుకున్నారు.

ఇన్‌స్పెక్టరమ్మ డైరెక్టర్ వైపు తిరిగింది. మర్యాద అక్కడితో సరి.

"ఈవిడ ఫోన్ చేసినప్పుడు తిరిగేది బస్సు కాదని నీకు తెలుసు. ఒక్క మనిషిని పంపుంటే అతను బతికేవాడు. గుట్టు బయటపడుతుందని పంపలేదు."

"దేశం లక్ష్యాలు మేడమ్..."

"వాటికి స్కూటర్ చాలింది కదా. నీకు మాత్రం జీపు తెచ్చాం. ఎక్కు."

ఇద్దరినీ కానిస్టేబుళ్లు తీసుకెళ్లాక గదిలో ఏసీ చప్పుడే మిగిలింది.

"తాగుబోతని రాయనమ్మా," అంది ఇన్‌స్పెక్టర్.

భార్య తల ఊపింది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

"పడ్డాక... హారన్ కొట్టి ఉంటాడామ్మా?"

ఇన్‌స్పెక్టర్‌కు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

"కొట్టాడమ్మా. చెయ్యి దానిమీదే ఉంది."