క్వారీ నుంచి వచ్చిన ఇంజిన్

మా అక్కకి సంబంధం చూసినప్పుడు కూడా మా ఇంట్లో ఇంత గొడవ జరగలేదు. అప్పుడు జరిగుంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ఈ గొడవంతా నా ట్రక్కుకి ఏ ఇంజిన్ వెయ్యాలన్న దాని మీద.

ట్రక్కు నాన్నది. ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. నాలుగు చక్రాలూ లాగే పాత బండి. కొండమీది ఊళ్ళకి సరైన దారి లేదు. సిమెంటు, సరుకులు, గ్యాసు బండలు, జబ్బు చేసిన మనుషులు, అన్నీ ఇందులోనే ఎక్కాలి, దిగాలి. వానలు మొదలైతే ఇంకో బండి ఆ ఏటవాలు వైపు కన్నెత్తి కూడా చూడదు. సరిగ్గా వానల ముందు ఇంజిన్ బ్లాకు పగిలింది. బండి లేకపోతే నాకు పూట గడవదు, పైవాళ్ళకి ఆసుపత్రి లేదు.

నట్టు బాబాయి నాన్న స్నేహితుడు, మాకు పాతకాలం నుంచీ మెకానిక్. ఆయన షెడ్డులో రేకుల కింద కూర్చుని రెండు దారులు చెప్పాడు. ఒకటి, పాత సామాన్ల కొట్టులో ఉన్న మా రకం ఇంజినే. పొగ తాగుతుంది, ముసలిది, కానీ నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగుతుంది. ఉన్న బోల్టులకే సరిపోతుంది. రెండోది, ఒక వ్యాన్‌లోంచి తీసిన చిన్నది. డీజిల్ తక్కువ తాగుతుంది, కానీ గట్టిగా తొక్కితే తప్ప కదలదు. బురదలో అలా తొక్కితే చక్రం గోతి తవ్వుకుంటుంది. ముసలిదే మేలని నేను తేల్చేశాను.

అంతలో మా బావ మూడోది తెచ్చాడు. అడగలేదు, చెప్పలేదు. ట్రాలీ మీద, టార్పాలిన్ కప్పి, పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాడు. క్వారీ టిప్పర్‌లోంచి తీసిన పెద్ద ఇంజిన్. దానితోపాటు క్యాబిన్ పక్కన నిలబెట్టే పొడుగాటి గాలి గొట్టం కూడా, ఇంజిన్ గాలి పీల్చుకునేది.

బావ ఆ క్వారీలోనే సూపర్‌వైజర్. వాళ్ళ యజమాని ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం. అలాంటివాడు ఇంత ఇంజిన్ ఊరికే ఎందుకిచ్చాడని అడిగాను. తన మంచితనం చూసి ఇచ్చాడన్నాడు బావ. అరికాలి మంట నెత్తికెక్కింది. నా బండికి ఏం కావాలో నాకు తెలీదా అని ఒంటికాలి మీద లేచాను. కానీ అక్క వచ్చింది. అక్క నోట్లో నాలుక లేనిది. “నీ కోసమే కష్టపడి తెచ్చాడు, వేయించుకో” అంది. అక్క మొహం చూసి ఒప్పుకున్నాను.

కొత్త బ్రాకెట్లు కోసి, అతికించి, చైన్ బ్లాకుతో దించి బిగించాడు బాబాయి. మొదటి కీకే స్టార్టయింది. చల్లగా తిరుగుతోంది, పొగ లేదు. ఒక్కటే తేడా. వదిలేస్తే దానంతటదే వేగం అందుకుంటోంది. రెండు చిన్న ఊపులు, తర్వాత ఒక పొడుగాటిది. మళ్ళీ మామూలు. బాబాయి పంపు సరిచేశాడు. కాసేపటికి మళ్ళీ అదే. రెండు చిన్నవి, ఒకటి పొడుగు.

“పంపు తప్పు కాదమ్మా ఇది. ఎవరో కాలితో తొక్కినట్టుంది” అన్నాడు బాబాయి.

బావ చేతిలో స్పానర్ జారి కిందపడింది. వేడెక్కితే అదే సర్దుకుంటుందని, ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పాడు.

అది సర్దుకోలేదు. రోజూ పొద్దున గాలి ఫిల్టర్ విప్పితే ఎర్రమట్టి. అదీ తడిమట్టి. ఒక్క చినుకు పడలేదు, బండి షెడ్డు దాటలేదు. కడిగి ఆరబెట్టినా, కొత్తది వేసినా, మర్నాటికి మళ్ళీ అంతే. షెడ్డంతా డీజిల్ వాసన పోయి, అప్పుడే తవ్విన గుంట వాసన పట్టుకుంది.

నాన్న ఇంజిన్ని చెవితో చూసేవాడు. పొడుగు స్క్రూడ్రైవర్ మొనని ఇంజిన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటే లోపల ఏ ముక్క అరిగిందో తెలుస్తుంది. ఒకరోజు ఇంజిన్ ఆపేశాక అలా పెట్టి విన్నాను. ఆగిన ఇంజిన్‌లో ఏమీ వినపడకూడదు. వినపడింది. పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చుకుంటున్నట్టు... సన్నగా... ఆగి ఆగి.

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. వాల్వులు పోయిన చెత్త సరుకు తెచ్చి బావ నా చెవిలో పువ్వు పెట్టాడనుకున్నాను. బండికి సిమెంటు ఎక్కించి, తనే పక్కన కూర్చుని చూడాలన్నాను. బావ ఏవేవో సాకులు చెప్పాడు. అక్క ముందే నిలదీశాను. ఇక తప్పక ఎక్కాడు.

మధ్యాహ్నమే బయల్దేరినా మబ్బు పట్టి దీపాలు వేసుకోవాల్సి వచ్చింది. వాన మొదలైంది. ఇంజిన్ మాత్రం బరువే తెలీనట్టు ఎక్కుతోంది. క్వారీ మలుపు దగ్గరకి రాగానే బావ కళ్ళు మూసుకున్నాడు.

పోయిన వానల్లో ఇక్కడే గట్టు కూలి ఒక టిప్పరూ, దాని డ్రైవరూ మట్టికింద పడ్డారు. అక్కడికక్కడే ప్రాణం పోయిందని, బాధ తెలీలేదని అతని భార్యకి చెప్పింది మా బావే. ఆ టిప్పర్ ఏమైందని నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు తట్టింది.

“బావా, ఇది ఆ బండి ఇంజినేనా?”

బావకి బదులు ఇంజినే మాట్లాడింది. రెండు చిన్నవి, ఒకటి పొడుగు.

నా కాలు యాక్సిలరేటర్ మీద లేదు. గేరు తీసి బ్రేకు వేశాను. మళ్ళీ... రెండు చిన్నవి, ఒకటి పొడుగు. కీ తిప్పాను. ఆగలేదు. ఆపే తీగ లాగాను. ఆగలేదు. క్యాబిన్ అంతా పచ్చిమట్టి వాసన.

ఇలాంటప్పటికని నాన్న సీటు కింద ఎప్పుడూ ఒక గోనెసంచి ఉంచేవాడు. కీకి లొంగని డీజిల్ ఇంజిన్ని ఆపడానికి ఒకటే మార్గం, గాలి గొట్టం మూసెయ్యడం. వంగి సంచి బయటికి లాగాను. బావ నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి మంచుగడ్డలా ఉంది.

“గోనె వద్దు... గోనె వద్దమ్మా.”

“ఎందుకు?”

గుసగుసగా చెప్పాడు, అద్దంవైపు చూస్తూ. “అతను అప్పుడే పోలేదు. హారన్ మోగలేదు, అందుకని యాక్సిలరేటర్ తొక్కాడు. రెండు చిన్నవి, ఒకటి పొడుగు. ఇక్కడ మనిషున్నాడు, ఆగండి అని... మా క్వారీ గుర్తు. గొట్టం ఒక్కటే మట్టిపైన ఉంది.”

తవ్వితే మిగతా గట్టు కూలి కింద ఉన్న క్వారీ కొత్త యంత్రం మీద పడుతుందని యజమాని భయపడ్డాడట. ఆ చప్పుడు వింటే కూలీలు పారలు పట్టుకుని పరిగెత్తుకొస్తారని, ముందు దాన్ని ఆపమన్నాడట.

“ఎలా ఆపావు?”

బావ నా చేతిలో గోనె వైపు చూశాడు.

ఈ మనిషి మా ఇంట్లో భోజనం చేశాడు. నా బండికి ఆ మనిషి ఊపిరి తెచ్చి బిగించాడు. నా తలుపు తీసుకుని వానలోకి దూకాను.

వెనక్కి చూస్తే బావ కదల్లేదు. భుజాలు బిగుసుకుపోయాయి, ఎవరో నాలుగువైపులా మట్టి నింపి తొక్కినట్టు. నా తలుపు బార్లా తెరిచే ఉంది. చల్లగాలి, వానజల్లు లోపలికి కొడుతున్నాయి. అయినా ఊపిరందక నోరు తెరుస్తున్నాడు... మూస్తున్నాడు. కళ్ళు పైకి తేలుతున్నాయి.

“కుక్కు...” అన్నాడు. “త్వరగా... గొట్టంలో కుక్కు.”

మళ్ళీ అదే. తన ప్రాణం మీదికొస్తే ఆ మనిషి నోరు ఇంకోసారి మూసెయ్యడానికి సిద్ధం. క్యాబిన్ పక్క మెట్టెక్కి, గొట్టం దగ్గర గోనె పట్టుకుని నిలబడ్డాను. కుక్కితే బావ బతుకుతాడు. అక్క బొట్టూ గాజులూ మిగులుతాయి. ఇంజిన్ అరుస్తోంది... రెండు చిన్నవి... ఒకటి పొడుగు... గొట్టం గాలిని పీలుస్తోంది. నా తడిజుట్టుని లోపలికి లాగుతోంది.

నేను కుక్కలేదు. గోనెని చంకలో పెట్టుకుని, నోరు గొట్టానికి ఆనించి చెప్పాను.

“వినపడింది. నువ్వున్నావని తెలిసింది. మీ ఇంట్లో చెప్తాను. వీడి చేతే చెప్పిస్తాను.”

పీల్చడం ఆగింది. గొట్టంలోంచి వెచ్చటి గాలి ఒకటి నా మొహం మీదికొచ్చింది. ఇంజిన్ దానంతటదే ఆగిపోయింది. బావ తెరిచి ఉన్న నా తలుపు వైపు ఒరిగి బయటికి భళ్ళున కక్కాడు. వాన కడిగేసేదాకా అది ఎర్రమట్టి రంగులోనే ఉంది.

మళ్ళీ కీ తిప్పితే బండి మామూలుగా కదిలింది. ఆ సాయంత్రం దారంతా బావ చేతులెత్తి దణ్ణం పెడుతూనే ఉన్నాడు. మర్నాడే ఆ డ్రైవరు భార్య దగ్గరకెళ్ళి ఉన్నదున్నట్టు చెప్తానన్నాడు. తెల్లారాక చూస్తే ఎండ కాసింది, మాట మారింది. పొగ పట్టి కళ్ళు తిరిగాయట. నేనేదో విన్నానట. ఆడపిల్లకి బండి ఇస్తే ఇలాగే ఉంటుందట. అక్క వింటుండగానే అన్నాడు. నేను ఒంటరిగా డ్రైవరు భార్య దగ్గరకెళ్ళి చెప్పాను. ఆమె నమ్మింది. కానీ ఆమె మొగుడికి నేనిచ్చిన మాట అది కాదు. వీడి చేతే చెప్పిస్తానన్నది నేను.

ఆ ఇంజిన్ దింపించి, పెరట్లో ఇటుకల మీద పెట్టించాను. పొగ తాగే ముసలిదాన్నే వేయించాను. స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను. ఇటుకల మీద ఉన్నది ఇప్పుడు ఉత్త ఇనుము. ఏమీ వినపడదు. అది లోపల లేదంటే ఎక్కడుందని అప్పుడు నాకు తట్టలేదు.

ఇవాళ పొద్దున అక్క ఫోన్ చేసింది. ఎప్పుడూ గొంతెత్తని అక్క కేకలేసింది.

“నీకు బావ మీద కోపముంటే మొహం మీద అను. ఈ పనులేంటి? మూడు రోజులుగా చూస్తున్నాను. పొద్దున లేచేసరికి ఆయన మొహం మీద తడి గోనె. బయట పారేస్తే మళ్ళీ వస్తోంది. ఇవాళ సగం నోట్లోకి పోయింది, గుంజి తీశాను. నీ బండిలోదే కదా అది?”

నేను షెడ్డులోనే ఉన్నాను. తల తిప్పి చూశాను. మా గోనె గోడమేకుకి వేలాడుతోంది. పొడిగా ఉంది.