యాభై గ్రాముల బెల్లం

"వెడ్డింగా? ఇయాల్నేనా?"

స్నానానికి పోయిన కొడుకు ఫోనెత్తి, రుక్మాబాయి గుండె మీద చెయ్యేసుకుంది. అటువైపు ఆడపిల్ల గొంతు. మోతె దగ్గరి ఆ తండాలో సిగ్నల్ ఒక మాట ఇచ్చి రెండు మాటలు మింగుతుంది.

"అవునండీ, చిన్నదే. మా బడి లైబ్రరీలో. నరేందర్ గారొస్తే పది నిమిషాల్లో అయిపోతుంది. పిల్లలంతా ఎదురుచూస్తున్నారు."

"అయ్యో, పిల్లలు గూడ ఉన్నరా!"

తల తుడుచుకుంటూ వచ్చిన నరేందర్ ఫోన్ లాక్కుని విన్నాడు. "యాడీ! వెడ్డింగ్ కాదమ్మా, వెల్డింగ్! బడిల మౌనిక టీచర్. తక్కెడ కడ్డీ ఊడిందట."

"వెల్డింగ్‌కు గంత పౌడర్ ఎందుకు రా మొకానికి?"

అప్పటికే అతని బండి కదిలింది.

నరేందర్‌కు సూర్యాపేటలో వెల్డింగ్ షాపుంది. బడి లైబ్రరీకి ఇనుప ర్యాకులు చేసిచ్చింది అతనే. అప్పట్నుంచి ర్యాకు పేరుతో రాకపోకలు మొదలయ్యాయి. ఇనుముకు ఇనుము చిటికెలో అతికించే మనిషికి, మౌనిక ఎదురైతే మాటకు మాట అతకదు.

మౌనికదీ తండా కుటుంబమే. కాని కోదాడ టౌన్లో పెరిగింది, మాట కాస్త ఆంధ్రా వైపు ఒరుగుతుంది. ఆమె లైబ్రరీలో ఒకటే కట్టుబాటు: చదివింది చేసి చూడాలి. వాన కథ చదివితే సీసా పెట్టి వాన కొలవాలి. ఆ శనివారం కథలో షావుకారు తూకంలో మోసం చేశాడు. ఇంకేం, పిల్లలు రెండు స్టీలు పళ్లేలతో తక్కెడ కట్టారు, మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గర బెల్లం తెచ్చుకున్నారు. సరిగ్గా అప్పుడే కడ్డీ ఊడింది.

నరేందర్ పిల్లల్ని దూరంగా నిలబెట్టి, వరండాలో కడ్డీ అతికించేశాడు. పని అయిపోయింది. కాళ్లు మాత్రం కదల్లేదు.

"ర్యాకు గూడ జర కదుల్తున్నట్టుంది టీచర్. సూడమంటరా?"

"నిన్ననే చూశారుగా."

"నిన్న ఎడమదిక్కు సూసిన."

"బాగుంది. ఇంకా కుడి, పైన, కింద మిగిలాయి. ఈ నెలకు సరిపోతాయి."

పిల్లలు కిసుక్కుమన్నారు. నరేందర్ చెవులు ఎర్రబడ్డాయి, వెల్డింగ్ మిషన్ లేకుండానే.

ఒక పళ్లెంలో యాభై గ్రాముల రాయి, ఇంకో పళ్లెంలో బెల్లం. "మోసం టీచర్! ఒక పలుకు ఎక్కువుంది!" అని గోల. తీశారు, వేశారు, మళ్లీ తీశారు. ముల్లు నిలిచింది. ఆ హడావుడిలో మౌనిక ఒక బెల్లం ముక్క నరేందర్ అరచేతిలో పెట్టింది.

"మీ కూలి."

అతను సగం కొరికి, మిగిలిన సగం ఆమె చేతిలో పెట్టాడు. ఆమె నోట్లో వేసుకుంది.

వేసుకునే వేళకు కిటికీలో రెండు తలకాయలు. ఒకటి వెల్డింగో వెడ్డింగో తేల్చుకుందామని వెనకాలే వచ్చిన రుక్మాబాయిది. రెండోది ఆమె తోడు తెచ్చుకున్న తండా పెద్ద దస్రుది.

తండాల్లో గోళ్ అంటే బెల్లం. నలుగురి ముందు పిల్లా పిలగాడూ గోళ్ తిన్నారంటే సంబంధం ఖాయం. ఇక బడిలో బెల్లు కొట్టకముందే తండాలో బెల్లం కొట్టారు. గోళ్ తిన్నాక గోల కాక ఏమవుతుంది? యాభై గ్రాముల బెల్లం పొద్దుగూకే సరికి నాలుగు గ్రామాలకు పాకింది. మిర్యాలగూడ నుంచి నరేందర్ మేనత్త భూలి ఫోన్ చేసి, "పిల్లకు చీర తేవాల్నా, లంగా ఓణీనా?" అని అడిగింది.

నరేందర్‌కు అన్నం సయించలేదు. ఈ సంగతి మౌనిక చెవిన పడితే, సిగ్గుతో బడే వదిలిపోతుందేమో!

సోమవారం ఆమె తండ్రి నాగేందర్ కోదాడ నుంచి దిగాడు. ఆర్టీసీ డ్రైవర్, గొంతే హారన్. అందరూ లైబ్రరీలో పిల్లల కుర్చీల్లో, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు.

"ఏమయ్యా, మా అమ్మాయికి సంబంధం కుదిరిందని మిర్యాలగూడ నుంచి ఫోనొస్తే నేను తెలుసుకోవాలా?"

ఊ అనమని దస్రు కన్ను గీటుతున్నాడు. ఊ అంటే చాలు, పిల్ల తనదే. నరేందర్ లేచి నిలబడ్డాడు.

"సంబంధం కాదు సార్, అది పిల్లల పాఠం. కోదాడల పెరిగిన టీచరుకు గోళ్ రివాజు తెల్వదు. నాకు తెల్సు. తెల్సి గూడ సగం ఆమె చేతుల పెట్టిన. తప్పు నాది, ఆమెను ఒక్క మాట అనకుండ్రి. ఇగ నేనీ బడికి రాను." ర్యాకుల వైపు చూశాడు. "ర్యాకులు... అవి ఎన్నడూ కదల్లే."

"తండంత చెప్పుకొస్తి గద రా!" రుక్మాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మౌనిక మాత్రం పిల్లల వైపు తిరిగింది. "శనివారం మనం తూచిన బెల్లం ఎంత?"

"యాభై గ్రాములు!"

"నరేందర్ గారికిచ్చిన ముక్క అందులోదేనా?"

"కాదు టీచర్! అందుల తీస్తే ముల్లు కదలాలె గద! అది మీ బ్యాగులకెళ్లి తీసిండ్రు!"

నాగేందర్ కూతురి వైపు తిరిగాడు.

"నానమ్మ నన్ను చంకనేసుకుని ప్రతి తండా పెళ్లికీ తిప్పింది నాన్నా. గోళ్ అంటే తెలీకపోవడమేంటి?" మౌనిక తల దించుకునే చెప్పింది. "పాఠం పిల్లలకి. ఆ ముక్క పాఠంలోది కాదు. ఇంటినుంచి తెచ్చుకున్నా. ఈయన ర్యాకు దాటి మాట్లాడరు. ఎన్నాళ్లని చూడను? కడ్డీ కూడా నేనే ఊడదీశా. ఆయనొక్కడికి అర్థమైతే చాలనుకున్నా. ఊరందరికీ అర్థమైంది, ఆయనకు తప్ప."

నరేందర్ పక్కనున్న ర్యాకు పట్టుకున్నాడు. మొదటిసారి అది నిజంగానే కదిలింది.

నాగేందర్ విసురుగా లేచాడు. చిన్న కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది. దాన్ని ఊడబెరుక్కుని, నరేందర్‌ని కిందికీ మీదికీ చూసి, చెయ్యి చాపాడు.

"పెద్దవాణ్ణి, నాకు పెట్టకుండానే తిన్నారా? ఏదీ నా వాటా?"

"తూకమేసి ఇయ్యాలె!" పిల్లలు తక్కెడ ఎత్తారు.

ఒక పలుకు ఎక్కువే తూగింది. ఈసారి మోసమని ఎవరూ అరవలేదు.