వాట్‌గంజ్ గోడౌన్ ముందు మూడు సీట్లు

రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో మూతపడ్డ ఆ తుక్కు గోడౌన్ దగ్గర చీకటిపడ్డాక ఎవరూ ఆగరు. దాని ముందు టార్పాలిన్ కింద విమానం సీట్లు మూడు ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. ఏదో పాత విమానాన్ని విప్పి అమ్మితే షావుకారు కొని తెచ్చాడు. తెచ్చిన కొన్నాళ్లకే అతని వ్యాపారం మూతపడింది. సీట్లు మిగిలాయి.

రాత్రిపూట అటు పోతే బెల్టు పెట్టుకున్న చప్పుడు వినిపిస్తుందంటారు... టిక్కుమని. ఒక్కసారే. మనిషి కనబడడు.

"దెయ్యం పడిపోతాదని బెల్టేటి?" అని గురువులు అనే నా స్నేహితుడు నవ్వేవాడు. అప్పటికి అతని తమ్ముడు బతికే ఉన్నాడు.

గురువులు ఇంటిల్లిపాదితో వాట్‌గంజ్‌లోనే ఉంటూ రేవులో క్రేను నడుపుతాడు. మాదీ అతనిదీ శ్రీకాకుళం వైపు ఒకటే ఊరు. అతను నాకు చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను. నమ్మకపోతే మానండి.

తమ్ముడు ఉమామహేశ్ పని మీద కొండల్లో ఉన్న ఒక ఊరికి విమానంలో వెళ్లాడు. వాన... మబ్బు. దిగాల్సిన చోటు కొండకి అటుపక్కనే ఉందట. విమానం కొండను గుద్దుకుంది. ఇంటికి ఏమీ రాలేదు.

శవం దొరకనప్పుడు దర్భలతో బొమ్మ కట్టి, దాన్నే మనిషనుకుని కాల్చి, కర్మ చేస్తారు. తల్లి జగ్గమ్మ అది జరగనివ్వలేదు.

"గడ్డిబొమ్మని కాల్చి నా కొడుకంటారేటి? ఆడింకా దిగలేదు" అనేది.

వానలు వెళ్లి మళ్లీ వానలొచ్చాయి. ఉమామహేశ్ పెళ్లాం భాను, బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో తెలియక, ఒకరింటికి పోకుండా గదిలోనే కూర్చుంది. జగ్గమ్మ ఒప్పుకుంటే గానీ ఆ పిల్లకి ఏ దారీ లేదు. గురువులు అడగని రోజు లేదు.

ఆ రాత్రి అతను షిఫ్టు దిగి వానలో వస్తున్నాడు. మూల మీద టీ కొట్టతను గొంతు తగ్గించి, "అటు వద్దు దాదా... ఎవరో కూర్చున్నారు" అన్నాడు.

గురువులుకి భయం వెయ్యలేదు. తమ్ముడు పోయాక అతనికి భయమూ ఆకలీ నిద్రా అన్నీ ఒకేలా ఉన్నాయి. నడిచాడు.

గోడౌన్ ముందుకొచ్చాడు. చీకటి. టార్పాలిన్ మీద వాన చప్పుడు...

టిక్.

టార్చి వేశాడు. చివరి సీట్లో — తెల్లటి తల.

"మొకం మీద ఎయ్యకురా" అంది ఆ తల.

జగ్గమ్మ. నడుముకి బెల్టు పెట్టుకుని, నిండా తడిసి కూర్చుంది.

"ఇక్కడేటి సేత్తన్నావమ్మా?"

"ఆడికి ఉరుములంటే బయ్యం కదా. పక్కన కూకుందామని వత్తన్నాను."

"ఈ సీట్లు ఆ ఇమానానివి కావే."

"ఏదైతే ఏటి? కూకునేది ఇలాగే కదా."

గురువులు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "భాను ఒక్కర్తీ ఉంది. లెగు" అన్నాడు.

"నానైతే లెగుత్తాను. ఆడి బెల్టెవుడు తీత్తాడు? నా సేతికి రాటం లేదు."

నడుమ సీటు ఖాళీ. బెల్టు మాత్రం పెట్టి ఉంది.

వాదించే ఓపిక లేక గురువులు వంగి బెల్టు మీది ఇనప బిళ్ల ఎత్తాడు. రాలేదు. అప్పుడు చూశాడు — బెల్టు సీటు మీద వాలి లేదు. మనిషి నడుముకి బిగించినట్టు పైకి గుండ్రంగా ఉంది.

ఇంకోసారి గట్టిగా ఎత్తాడు. వదిలింది. రెండు కొసలూ జారి చెరోపక్కా పడ్డాయి.

జగ్గమ్మ తన బెల్టు తానే తీసుకుని లేచింది. కొడుకు భుజం పట్టుకుంది.

"దిగాడు" అంది. "రేపు బొమ్మ కట్టించు. భానుకి నాను సెప్పుకుంతాను."

గురువులు కదల్లేదు. చినిగిన టార్పాలిన్‌లోంచి నీళ్లు మూడు సీట్ల మీదా కారుతున్నాయి. అటు సీటు ముద్దయింది, ఇటు సీటు ముద్దయింది. నడుమది పొడిగా ఉంది...

టార్చి దాని మీదే ఉంచి చూశాడు. ఒక చినుకు పడింది. ఆగి, ఇంకొకటి. తల్లీకొడుకులు చూస్తూ ఉండగానే ఆ సీటు కూడా మెల్లగా తడిసిపోయింది.