జ్యూరిక్ వాళ్ళు కట్టిన గడియారం

పక్కటెముకలకు ఆనుకున్నది లిప్‌స్టిక్కే అని ఎవరైనా అనుకుంటారు. స్టెట్లర్ అనుకోలేదు. ఆ గాడ్జెట్ తన డిపార్ట్‌మెంట్ తయారు చేయించిందే. దాని అడుగున నొక్కితే సూది వస్తుంది, సూది కొసన విషం.

"నడు," అంది వలేస్కా, లిప్‌స్టిక్ మీదికి శాలువా లాక్కుని, ప్రియురాలిలా అతని చేతిలో చెయ్యి వేసి. "ముందు ఆ ట్రాన్స్‌మిటర్ వాచీ ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. రెండేళ్ళుగా ప్రతి మిషన్‌లోనూ ఆమె అతని పార్ట్‌నర్. మా బెర్న్ ఊళ్ళో మారుపేర్లతో తిరుగుతున్న విదేశీ గూఢచారి ముఠాకు ఆమె డబుల్ ఏజెంటని ఇప్పుడే తెలిసింది. కోపం కంటే ముందు సిగ్గేసింది అతనికి.

ఆమెకు కావలసింది మిలాడా. ముఠా దగ్గర టైపిస్టుగా పనిచేసి, అందరి అసలు పేర్లూ తలలో పెట్టుకుని పారిపోయి వచ్చిన మనిషి. ఆమెను పాత ఊరి దిగువన ఓ ఇంట్లో దాచింది స్టెట్లరే. ఏ వీధో వలేస్కాకు తెలుసు, ఏ తలుపో తెలియదు. అతను ఇక్కడే చస్తే ముఠా ఆ వీధిలో ప్రతి తలుపూ కొడుతుంది. నాలుగింటికి పోలీసు కారొచ్చి మిలాడాను తీసుకుపోతుంది. ఆ ఒక్క సంగతీ వలేస్కాకు తెలియదు. అప్పటిదాకా ఎలాగోలా సాగదీయాలి.

"కేక పెడితే?" అన్నాడు.

"పెట్టు. పడిపోతావు. గుండెపోటు అనుకుంటారు. ఈ దేశంలో ఎవడి పని వాడిది, నీ వంక తిరిగి చూసేవాడుండడు."

నిజమే. ఆర్కేడ్ల కింద, వీధి పొడవునా ఉన్న కమానుల వసారాల్లో, జనం కాలర్లు పైకెత్తుకుని, సంచులు పట్టుకుని, ఎవరి దారిన వాళ్ళు పోతున్నారు. మూడు వైపులా ఆరె నది, పక్కన సూది. పుట్టి పెరిగిన ఊళ్ళో బోనులో ఎలుకలా నడిచాడు స్టెట్లర్.

ఊరు చూపిస్తున్నట్టు నటిస్తే ఎవరికీ అనుమానం రాదన్నాడు. ఆమె సరేనంది. పిల్లల్ని మింగే రాక్షసుడి ఫౌంటెన్ చూపించాడు. గడియారం గోపురం కింద మాత్రం భయానికి బుర్ర పనిచేయలేదు. నోటికొచ్చింది వాగాడు.

"ఈ గడియారం జ్యూరిక్ వాళ్ళు కట్టింది."

పక్కనే పైపు వెలిగించుకుంటున్న ముసలాయన తల తిప్పాడు. మా బెర్న్ పెద్దవాళ్ళ ముందు, ఎప్పటినుంచో మాకు పోటీ ఊరైన జ్యూరిక్ ఊసెత్తకూడదని చంటిపిల్లలకు కూడా తెలుసు.

"ఎవరు చెప్పారు బాబూ మీకు?" అన్నాడాయన.

ఆయన పేరు లూథి. మా ఊరివాళ్ళు మాట మొదలుపెట్టి ముగించేలోగా కాఫీ చల్లారిపోతుంది. ఆయన ఆ గోపురం ఊరికి పడమటి ద్వారంగా ఉన్న కాలం నుంచీ అందుకున్నాడు. వలేస్కా థాంక్స్ చెప్పి స్టెట్లర్‌ను లాక్కుపోయింది. లూథి వెనకే వచ్చాడు, చెప్పడం ఇంకా పూర్తికాలేదు గనక.

తప్పు మాట అంటే ఈ ఊరివాళ్ళు వదలరని, వాళ్ళు చూస్తుండగా ఆమె సూది దించలేదని స్టెట్లర్‌కు అప్పుడు తట్టింది.

తరువాతి ఫౌంటెన్ మీద కవచం తొడుక్కున్న ఎలుగుబంటి ఉంది. మా జెండా మీద ఉండేదీ ఎలుగుబంటే. దాన్ని గట్టిగా కుక్క అన్నాడు. బేకరీలోంచి వస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగిపోయారు. వాళ్ళలో ఏష్లిమన్ అనే ఆవిడ ఎవరికేం చెప్పాలన్నా చెయ్యి పట్టుకుని చెప్పే మనిషి. ఆవిడ వలేస్కా ఎడమ చెయ్యి అందుకుని ఎలుగుబంటి కథ విప్పింది. ఆ తరువాత సింహం నోరు చీలుస్తున్న వీరుడు సామ్సన్ బొమ్మను స్టెట్లర్ పళ్ళ డాక్టరన్నాడు. మరో నలుగురు చేరారు. ఏ బొమ్మ ఎప్పటిదో వాళ్ళలో వాళ్ళే వాదించుకోసాగారు.

"వీళ్ళను పంపించెయ్," అంది వలేస్కా పళ్ళ బిగువున.

"నా వల్ల కాదు. తప్పు ఒప్పుకున్నా, ఎందుకన్నావని అడుగుతారు."

న్యాయదేవత ఫౌంటెన్ దగ్గరికి వచ్చేసరికి నాలుగు దాటింది. దిగువ నుంచి నల్లకారు ఒకటి వాళ్ళను దాటిపోయింది. వెనక సీట్లో కూర్చున్న మనిషిని వలేస్కా గుర్తుపట్టింది. ఒక్క క్షణంలో ఆమెకంతా అర్థమైంది.

"ఆమె తప్పించుకుంది," అంది చెవిలో. "నువ్వు తప్పించుకోలేవు."

లిప్‌స్టిక్ అడుగున క్లిక్‌మంది. స్టెట్లర్ ఫౌంటెన్ వైపు తిరిగాడు. కళ్ళకు గంతలతో, కత్తీ త్రాసూ పట్టుకుని నిలబడ్డ బొమ్మ వైపు గడ్డం ఎత్తాడు. మిగిలింది ఆ ఒక్క అబద్ధమే.

"ఈవిడెవరో రాజుగారి రెండో పెళ్ళాం."

ఏష్లిమన్ ఆవిడ ఇక ఓర్చుకోలేకపోయింది.

"రెండో పెళ్ళామా? అతని మాట నమ్మకు తల్లీ. ఇటు చూడు, ఆ గంతలు కనిపించడం లేదూ?"

అంటూనే ఆవిడ వలేస్కా శాలువా కింద దాచిన చేతిని దొరకబుచ్చుకుని, బొమ్మ వైపు చూపిస్తూ పైకెత్తేసింది. లిప్‌స్టిక్ రాళ్ళ మీద పడింది. స్టెట్లర్ దాని మీద బూటు పెట్టి, వలేస్కా మణికట్టు పట్టుకున్నాడు. పారిపోదామని ఆమె చుట్టూ చూసింది. ఎటు చూసినా ఏదో ఒకటి సరిదిద్దడానికి నిలబడ్డ బెర్న్ మనుషులే.

పోలీసులు ఆమెను తీసుకుపోయాక స్టెట్లర్ అందరికీ దండం పెట్టినంత పని చేశాడు. సూది సంగతి, మిలాడా సంగతి చెప్పాడు. ఒక ప్రాణం కోసమే అన్ని అబద్ధాలాడానని లూథికి క్షమాపణ చెప్పుకున్నాడు.

లూథి పైపు దులిపాడు.

"ప్రాణం కోసమైతే తప్పులేదు బాబూ," అన్నాడు. "కానీ జ్యూరిక్ అనడమెందుకు? ఏ బాజెల్ ఊరివాళ్ళో అంటే సరిపోయేది కదా."